ఊరు మార్చాలా, రేకులు మార్చాలా? హనుమకొండలో ఒక ఇంటి కేస్ స్టడీ

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే ఒక అమ్మాయి మార్చి మొదట్లో నాకు ఒక ఎక్సెల్ షీట్ పంపింది. నిలువుగా ఊళ్ల పేర్లు: హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, హైదరాబాద్. అడ్డంగా గాలి వేగం, వడగళ్లు, పిడుగులు, వరద. గడులన్నీ ఖాళీ. కింద ఇలా రాసింది: "అన్నా, ఒక్కో ఊరికి మార్కులు వెయ్యండి. ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ అమ్మానాన్నలకు కొత్త ఇల్లు కట్టిద్దాం."

నేను హనుమకొండలో చిన్న ఇళ్ల డిజైన్లు, పాత ఇళ్ల తనిఖీలు చేస్తాను. గోడ బీటలు, స్లాబు కారడం, పిల్లర్ తుప్పు లాంటి వాటికి పిలుస్తారు. ఊళ్లకు మార్కులు వెయ్యమని అడగడం మాత్రం అదే మొదలు.

వాళ్ల నాన్నగారు రిటైర్డ్ హెడ్‌మాస్టర్. పాతికేళ్ల నాటి ఒక అంతస్తు స్లాబు ఇల్లు. ఎండకు స్లాబు కాలిపోతోందని డాబా మీద 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు రేకుల షెడ్డు వేయించుకున్నారు. కిందటి ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలి దుమారానికి రెండు రేకులు లేచాయి. ఒకటి కరెంటు తీగను తెంపుకొని గల్లీలో పడింది. దానికి నిమిషం ముందే పక్కింటి పిల్లవాడు సైకిల్ మీద అటుగా వెళ్లాడు. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు, ఆ ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు అమ్మగారు అన్న మాట ఇది: "గాలి మొదలైతే నా పానం గజగజ వణుకుతది బిడ్డా. గీ రేకులు ఎవలి మీద పడ్తయో అని."

అమ్మాయి ఆలోచనకూ ఒక కారణం ఉంది. టెక్సాస్‌లో వడగళ్లు పడి వాళ్ల ఇంటి కప్పు మొత్తం మార్చారు. అక్కడి కప్పులు ఎక్కువగా వాలుగా ఉంటాయి, చెక్క మీద తారు పూత పలకలు పరుస్తారు. అంగుళం, ఆపైన ఉన్న వడగళ్లను అక్కడి వాతావరణ శాఖ తీవ్రమైనవిగా లెక్క కడుతుంది. గాలికీ వడగళ్లకూ జరిగే నష్టంలో ఇంటి బీమా విలువలో 1 శాతమో 2 శాతమో యజమానే భరించాలని చాలా పాలసీల్లో ఉంటుంది. రెండంగుళాల ఉక్కు గుండును 20 అడుగుల ఎత్తు నుంచి వదిలినా పగలని పలకలకు నాలుగో తరగతి అని ముద్ర వేసి అమ్ముతారు. అలాంటి చోట ఊరిని బట్టి కప్పుకు ఎంత ప్రమాదమో చూసుకోవడం అర్థమున్న పనే. ఊరంతా ఒకే రకం కప్పులు, ఒకే రకం బయలు. మరి మన దగ్గర? ఒకే గల్లీలో స్లాబు ఇల్లు, దాని పక్కన సిమెంటు రేకుల ఇల్లు, ఎదురుగా గూన పెంకుటిల్లు, ఆ పక్కన నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు.

అయినా అడిగింది కాబట్టి గడులు నింపడానికి కూర్చున్నాను.

గాలి గడి తేలికగానే నిండింది. మన దేశంలో ఇళ్లకు గాలి బరువు లెక్కించే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, 2015లో సవరించారు. అందులోని పట్టణాల జాబితాలో హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, నాగ్‌పూర్‌కు 44, విజయవాడకు 50. యాభై ఏళ్లలో ఒకసారి రాగల విసురుగాలి అని దీని అర్థం. 44 మీటర్లంటే గంటకు 158 కిలోమీటర్లు. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ పేర్లు ఆ జాబితాలో లేవు. కింద హైదరాబాద్, పైన నాగ్‌పూర్ రెండూ 44 కాబట్టి మధ్యలోని మన ఊళ్లన్నిటికీ నేను 44 పట్టుకుని లెక్క చేశాను. అంటే ఆమె అడిగిన ఐదు ఊళ్లకూ గాలి గడిలో ఒకటే మార్కు.

తుపాను సంగతి వేరు. తీరం దాటిన తుపాను ఇంత దూరం వచ్చేసరికి గాలి సత్తువ పోయి నీళ్లే మిగులుతాయి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తీరం దాటాక వరంగల్‌లో కాలనీలు మునిగాయి గానీ రేకులు లేచాయని నాకు ఒక్క ఫోనూ రాలేదు. మన రేకులను లేపేది ఎండాకాలం సాయంత్రాల దుమారమే. బంగాళాఖాతం నుంచి తేమ గాలి, వాయవ్యం నుంచి పొడి గాలి వచ్చి ఇక్కడ కలుస్తాయి. మధ్యాహ్నం ఎండకు మబ్బు పది కిలోమీటర్లకు పైగా లేస్తుంది. దాని లోపల వానా, మంచూ కిందికి జారుతూ చల్లగాలిని కూడా ఈడ్చుకొస్తాయి. ఆ గాలి నేలకు తగిలి నలుదిక్కులా చిమ్ముకుంటుంది. అందుకే మొదట చల్లగాలి, తర్వాత దుమ్ము, ఆ తర్వాత చినుకులు. ఏ దిక్కు నుంచి వస్తుందన్నది మబ్బు ఎక్కడ దిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. "మాకు పడమటి గాలే సార్, తూరుపు దిక్కు భయం లేదు" అని చాలామంది ఇంటి యజమానులు అంటారు. ఆ నమ్మకంతో తూర్పు అంచు బోల్టులు వదిలేసిన షెడ్లు ఎన్నో చూశాను.

ఈ గాలి దెబ్బ ఎంత ఇరుకుగా పడుతుందో చెప్పడానికి ములుగు జిల్లా తాడ్వాయి అడవి చాలు. 2024 ఆగస్టు 31న మేడారం, తాడ్వాయి మధ్య దాదాపు 50 వేల చెట్లు ఒక్క సాయంత్రంలో నేలకూలాయి. ఆ అడవిలోనే కొంచెం దూరంలో చెట్లు నిలబడే ఉన్నాయి. అది వానాకాలం, తాడ్వాయి ఏ ప్రమాద జాబితాలోనూ పైన ఉండే ఊరు కాదు. ఆ గాలి ఇళ్ల మీద దిగి ఉంటే ఏమయ్యేదో అనుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

వడగళ్ల గడి ఇంకా కష్టం. రాళ్లవాన పడే జాగా కొన్ని కిలోమీటర్ల వెడల్పు పట్టీ మాత్రమే. అబ్జర్వేటరీ ఉన్న చోట పడితేనే లెక్కకెక్కుతుంది. హనుమకొండ, నిజామాబాద్, రామగుండం, ఆదిలాబాద్‌లలో వాతావరణ శాఖ కేంద్రాలున్నాయి కదా అని వాటి రోజుల్ని పోల్చి మార్కులు వేస్తే, మధ్యలోని మండలాల్లో పడ్డ రాళ్లన్నీ లెక్కలోంచి జారిపోతాయి. 2022 జనవరిలో రాళ్లవాన నర్సంపేట, పరకాల వైపు మిర్చిని తుడిచిపెట్టింది. 2023 మార్చిలో ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో పంట పోయింది. ఎకరాకు 10 వేల సాయం ప్రకటించింది అప్పుడే. రైతుకు జిల్లా లెక్క పనికొస్తుంది. ఇంటి కప్పుకు వీధి లెక్క కావాలి, అది ఏ దఫ్తరులోనూ ఉండదు.

ఇక్కడ రాయి సైజు గురించి ఒక మాట. రెండు సెంటీమీటర్ల రాయి, అంటే పెద్ద గోలీ అంత, దాదాపు 4 గ్రాములు. నాలుగు సెంటీమీటర్లయితే, అంటే నిమ్మకాయంత, దాదాపు 30 గ్రాములు. బరువు ఎనిమిది రెట్లు పెరిగింది, పైగా పెద్ద రాయి ఇంకా వేగంగా పడుతుంది. దెబ్బ బలం దాదాపు 16 రెట్లవుతుంది. గోలీ రాళ్లు పదిసార్లు పడ్డా ఏమీ కాని సిమెంటు రేకు ఒక్క నిమ్మకాయ రాయికి చిల్లు పడేది ఇందుకే. స్లాబుకు ఈ రెండూ ఒకటే, గీత కూడా పడదు.

షీట్‌లో నాకు నిజంగా ఏదో తేలింది స్థలాలు చూడటానికి వెళ్లినప్పుడే. కరీంనగర్‌లో ఆ కుటుంబం కొనాలనుకున్న ప్లాటు ఊరి చివర కొత్త వెంచర్‌లో ఉంది. చుట్టూ కోసేసిన పొలాలు, ఒక్క చెట్టు లేదు. హనుమకొండ ఇల్లేమో చుట్టూ రెండు మూడంతస్తుల ఇళ్లున్న గల్లీలో. అదే ఐఎస్ ప్రమాణంలో చుట్టుపక్కల అడ్డులను బట్టి వేగాన్ని సవరించే అంకె ఒకటుంది. పది మీటర్ల ఎత్తులో దట్టమైన ఇళ్ల మధ్య అది 0.91, అక్కడక్కడ చెట్లూ ఇళ్లూ ఉన్న చోట 1.00, ఏ అడ్డూ లేని బయలులో 1.05. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది కాబట్టి గల్లీ నుంచి పూర్తి బయలుకు వెళ్తే ఒత్తిడి 33 శాతం పెరుగుతుంది. హనుమకొండ నుంచి విజయవాడకు వెళ్తే, 44 నుంచి 50కి, పెరిగేది 29 శాతం.

ఈ రెండు అంకెల్ని పక్కపక్కన రాసి అమ్మాయికి పంపాను. "ఊరు మారితే వచ్చే తేడా కన్నా, అదే ఊళ్లో వీధి మారితే వచ్చే తేడా ఎక్కువ చెల్లీ" అని రాశాను. కాసేపటికి ఫోన్ చేసింది. "అంటే మీరు చెప్పేది, మేం డబ్బు పెట్టి ఇంకా ఎక్కువ గాలి ఉన్న చోటికి పంపబోతున్నామనా?" అంది. అవునన్నాను.

ఇక డాబా ఎక్కాను. అసలు కేసు అక్కడుంది.

రేకులు 0.5 మిల్లీమీటర్ల కలర్ కోటెడ్. చదరపు మీటరుకు బరువు దాదాపు నాలుగున్నర కిలోలు. 44 మీటర్ల గాలికి చదరపు మీటరు మీద ఒత్తిడి 118 కిలోల దాకా వస్తుంది. గల్లీ అడ్డులు, ఇతర తగ్గింపులు వదిలేసి మోటుగా లెక్కేస్తే 600 చదరపు అడుగుల షెడ్డును పైకి గుంజే బలం ఆరున్నర టన్నులు. రేకులన్నిటి బరువూ కలిపి 250 కిలోలు. కింది స్లాబు ఐదంగుళాలది, చదరపు మీటరుకే 300 కిలోల పైన ఉంటుంది. అది కదలదు. ఈ ఇంటికి గాలి ప్రమాదమంతా తర్వాత నెత్తిన పెట్టుకున్న ఆ షెడ్డుతోనే వచ్చింది.

కిందటిసారి లేచిన రెండు రేకులూ వాయవ్య మూలవి. కప్పు అంచుల్లో, ముఖ్యంగా మూలల్లో, గాలి గుంజుడు మధ్య భాగం కంటే చాలా ఎక్కువ. కానీ స్క్రూలు అంతటా ఒకే ఎడంతో, మూడడుగులకు ఒకటి కొట్టారు. ఆ మూలలో స్క్రూలు పైపులోనే ఉన్నాయి, వాటి చుట్టూ రేకు చిరిగి పోయింది. రబ్బరు వాషర్లు ఎండకు గాజులా గట్టిపడి పగిలాయి.

షెడ్డు వేసిన వెల్డింగ్ మేస్త్రీని హెడ్‌మాస్టర్ సార్ పిలిపించారు. పాపం, మంచి పనివాడు. "ఈసారి అడుగుకొక స్క్రూ కొడతా సార్, గాలికి తాత వచ్చినా రేకు లేవది" అన్నాడు. వాషర్లు మార్చి, స్క్రూలు పెంచితే అయిపోతుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. నాకు మాత్రం స్తంభాల అడుగు చూడకుండా ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఎనిమిది పైపు స్తంభాలూ పిట్టగోడ మీదే నిలబెట్టి ఉన్నాయి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. దాని నెత్తిన బేస్ ప్లేటు పెట్టి నాలుగేసి బోల్టులు ఇటుకలోకి దించారు. మూడు స్తంభాల కింద ప్లాస్టరింగ్‌లో వెంట్రుక వాసి బీట అడ్డంగా పాకి ఉంది. మేస్త్రీకి చూపించాను. వేలు పెట్టి తడిమి, కాసేపు ఏం మాట్లాడలేదు. "గోడనే లేస్తున్నది సార్" అన్నాడు.

ఈ కేసులో అందరూ గుర్తు పెట్టుకోవాలని నేను కోరేది ఇదే. ఆరున్నర టన్నుల్ని ఎనిమిది స్తంభాలకు పంచితే ఒక్కోదానికి 800 కిలోలు. మూడడుగుల ఎత్తున్న ఆ పిట్టగోడ మీటరు పొడవుకు బరువు 200 నుంచి 250 కిలోలే ఉంటుంది. కిందటిసారి రెండు రేకులు చిరిగి పోవడం వల్లనే గాలికి దారి దొరికి మిగతా షెడ్డు నిలిచింది. అడుగుకొక స్క్రూ కొట్టి రేకుల్ని గట్టి చేసి ఉంటే, ఆ గుంజుడంతా కిందికి దిగి ఇటుక గోడ మీద పడేది. అప్పుడు రెండు రేకులకు బదులు షెడ్డు షెడ్డంతా పిట్టగోడ ముక్కలతో సహా గల్లీలోకి వెళ్లేది. రేకు, స్క్రూ, అడ్డ పైపు, స్తంభం, బేస్ ప్లేటు, పిల్లర్. గాలి బలం ఈ దారిలో పై నుంచి కింది దాకా నడవాలి. ఒక్క మెట్టును గట్టి చేసి, కింది మెట్టును వదిలేస్తే ప్రమాదం పెద్దదవుతుంది.

అదృష్టం కొద్దీ మన వైపు పాత ఇళ్లలో పైఅంతస్తు ఎప్పుడైనా వేద్దామని పిల్లర్ సలాకల్ని డాబా పైకి వదిలేస్తారు. ఇక్కడ తొమ్మిది చోట్ల ఉన్నాయి. తుప్పు గీకి, కొత్త రింగులు కట్టి, ఎనిమిది చోట్ల అడుగున్నర ఎత్తు కాంక్రీటు దిమ్మలు పోశాం. బేస్ బోల్టుల్ని ఆ దిమ్మల్లోనే పాతాం. వారం రోజులు గోనెసంచులు కప్పి తడిపించాం, ఆ పని సార్ స్వయంగా చేశారు. తర్వాత స్తంభాల్ని గోడ మీది నుంచి దిమ్మల మీదికి మార్చాం. ఆ పైన స్క్రూలు: అంచుల్లో, మూలల్లో ప్రతి మడతకూ ఒకటి, మధ్యలో మడత విడిచి మడతకు. సన్నం పైపులు తీసేసి 2 మిల్లీమీటర్ల మందం ఉన్న అడ్డ పైపులు వేశాం. స్క్రూ మరకు పట్టు దొరకాలి కదా.

ఇంకో పని మీద కొంచెం వాదన జరిగింది. పడమటెండ రాకుండా షెడ్డుకు ఆ వైపు రేకులతో గోడలా మూసేశారు. తూర్పు గాలి లోపలికి దూరితే బయటికి దారి లేక కప్పును కింది నుంచి కూడా తంతుంది. తీసేయమన్నాను. "ఎండకే కదా బిడ్డా షెడ్డు ఏసింది" అన్నారు అమ్మగారు. న్యాయమైన మాటే. చివరికి రేకులు తీసి గ్రీన్ నెట్ కట్టాం. మొత్తం ఖర్చు లక్షా పది వేలు.

సార్ వాళ్ల తమ్ముడి ఇల్లు పరకాల దగ్గర పల్లెలో ఉంది. ఆయన పట్టుబట్టి నన్ను అక్కడికీ తీసుకెళ్లారు. సగం గూన పెంకు, సగం పాత సిమెంటు రేకులు. పెంకుల్ని కోతులు కదిలిస్తాయి, ఆ సందుల్లోంచి గాలి దూరి మిగతావి లేపుతుంది. కోతుల బాధ పడలేకే ఎంతోమంది పెంకు తీసి రేకులు వేశారు. రేకులకు హుక్కు బోల్టులు మార్పించాం, అంతకుమించి పెద్దగా చేయలేదు. కానీ ఒక్కటి మాత్రం ఆ ఇంట్లో వాళ్లకు మూడుసార్లు చెప్పాను: రాళ్లవాన వెలిసిన వెంటనే చిల్లులు పూడ్చడానికి పైకి ఎక్కొద్దు. పాత సిమెంటు రేకు తడిసినప్పుడు మనిషి బరువుకు ఒక్కసారిగా విరుగుతుంది. ఎక్కక తప్పకపోతే రెండు దూలాల మీద ఆనేలా పలక వేసుకుని, దాని మీదే నడవాలి. అలాగే శుభ్రం చేసే ముందు ఫోన్‌తో ఫొటోలు తీసి తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. 2022-26 విపత్తు సాయం నిబంధనల్లో మైదాన ప్రాంతంలో పూర్తిగా పోయిన ఇంటికి 1 లక్షా 20 వేలు, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000 ఉండేది. చిన్న మొత్తమే. అయినా పేదింటికి ఆరేడు రేకులు వస్తాయి.

ఏప్రిల్ నాలుగో వారంలో పరీక్ష వచ్చింది. సాయంత్రం ఐదింటికి మబ్బు నల్లబడింది, దుమ్ము లేచింది, ఆ వెంటనే గోలీలంత రాళ్లు. ఫోన్ చేస్తే అమ్మగారు ఎత్తారు. రేకుల మీది మోతకు ఆమె మాట వినపడలేదు. అరగంట తర్వాత ఆమే చేసి చెప్పారు: "షెడ్డు కదలలే బిడ్డా. కానీ మెట్ల మీది నుంచి నీళ్లు హాల్లకొస్తున్నయ్."

నేను వెళ్లేసరికి డాబా మీద చీలమండ లోతు నీళ్లు. మొత్తం డాబాకు నీళ్లు పోవడానికి ఒకే మూలన మూడంగుళాల పైపు ఉంది. షెడ్డు మీది నుంచి జారిన రాళ్లన్నీ ఆ మూలకే కొట్టుకొచ్చి జాలీని మూసేశాయి. మంచు కరిగేదాకా చుక్క దిగలేదు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితేనే 900 లీటర్ల పైన నీళ్లు. అవి మెట్ల గది తలుపు కింది నుంచి లోపలికి దిగాయి. ఇది పూర్తిగా నా పొరపాటు. గాలి లెక్కలో మునిగి, రాళ్లు పడ్డాక ఎటు పోతాయో ఆలోచించలేదు. షీట్‌లో వడగళ్ల గడి కింద రేకు పగులుతుందా లేదా అనే చూశాను. హాల్లో పుస్తకాల బీరువా కింది అర తడిసింది. సార్ ఏమీ అనలేదు, నేనే వాటిని ఒక్కొక్కటిగా ఫ్యాను కింద ఆరబెట్టి వచ్చాను.

మర్నాడే ఎదుటి మూలన నాలుగంగుళాల పైపు వేయించాం. పిట్టగోడలో, డాబా నేలకు రెండంగుళాల ఎత్తున, పొంగు నీళ్లు బయటపడేలా రెండు కంతలు పెట్టించాం. మెట్ల గదికి నాలుగంగుళాల గడప కట్టించాం. ఇప్పుడు నేను ఏ డాబా ఎక్కినా మొదట చూసేది నీళ్ల పైపు.

అమ్మాయి షీట్ ఇంకా మా ఇద్దరి దగ్గరా ఉంది. ఊళ్ల వరుస తీసేసి ఇప్పుడు దాంట్లో ఇళ్ల పేర్లు రాసుకున్నాం: నాన్న ఇల్లు, బాబాయి ఇల్లు, మేనత్త ఇల్లు. అడ్డ వరుసలో కప్పు రకం, చుట్టూ బయలా గల్లీనా, స్తంభం దేని మీద ఉంది, నీళ్ల పైపులు ఎన్ని, చివరిసారి వాషర్లు ఎప్పుడు మార్చారు. ఇప్పుడు సోలార్ గురించి అడుగుతోంది. 25 మిల్లీమీటర్ల మంచు గుండును సెకనుకు 23 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షించిన ప్యానెల్ అయితే గోలీ రాళ్లకు భయం లేదని చెప్పాను. దాన్ని షెడ్డు మీద బిగించాలా, దిమ్మల మీదికి కొత్త చట్రం తేవాలా అన్నది లెక్క చేస్తున్నాను. షెడ్డు మీదయితే ప్యానెళ్లు పట్టే గాలి కూడా అవే ఎనిమిది స్తంభాల మీద పడుతుంది. మేనత్తది హుజూరాబాద్ దగ్గర, పొలం మధ్య రేకుల ఇల్లు. వచ్చే ఉగాదికి ముందే చూసి రావాలి.